వెన్న లేని ఊళ్లో చోడి కుకీలు

డుంబ్రిగుడలో దొరికేవి చాలా ఉన్నాయి. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా, చోళ్లు, సామలు. అదృష్టం బాగుంటే ఫోన్‌లో రెండు గీతల సిగ్నల్ కూడా. నేను తిరిగిన కిరాణా కొట్లలో దొరకనిది మాత్రం వెన్న. కావాలంటే అరకు వెళ్లాలి. వంద గ్రాముల ప్యాకెట్ అరవై రూపాయల దగ్గర పడుతుంది, ఆటో చార్జీ వేరే. ఎండాకాలమైతే ఇంటికి చేరేసరికి అది వెన్నలా ఉండదు, సూప్‌లా ఉంటుంది.

‘ఆ కొండల్లో వెన్న ఎవరికి కావాలి బాస్?’ అనకండి. ఆరుగురు ఆడవాళ్లకి కావాలి. మా టీమ్‌లో పనిచేసే ఫ్రెండ్‌ది ఈ ఊరు. వాళ్లక్క, ఇంకో అయిదుగురు కలిసి చోడి పిండితో కుకీలు చేసి చాపరాయి దగ్గర టూరిస్టులకి అమ్ముతారు. (రాగులనే ఉత్తరాంధ్రలో చోళ్లు అంటాం. రెండూ ఒకటే, కొట్లాట వద్దు.) కుకీ బాగుంది, జనం కొంటున్నారు. కానీ డబ్బులు మిగలడం లేదు. లెక్క చూస్తే 250 గ్రాముల పిండికి 125 గ్రాముల వెన్న, అంటే 75 రూపాయలు. పిండి, బెల్లం కలిపి పాతిక లోపే. ముడిసరుకు ఖర్చులో నాలుగింట మూడు వంతులు వెన్నే మింగేస్తోంది. సంక్రాంతి లోపు ఈ లెక్క కుదరకపోతే పొయ్యి ఆపేస్తామని, ఇద్దరు విశాఖలో బిల్డింగు పనులకి వెళ్లిపోతారని అక్క చెప్పింది. నాకు బేకింగ్ పిచ్చి ఉందని మా వాడికి తెలుసు. ‘ఒక వారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని రా, చలికాలం కూడా చూసినట్టుంటుంది’ అన్నాడు. డిసెంబర్ మొదటి వారం బ్యాగ్ సర్దేశా.

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. నేను మాత్రం పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్‌కే ఓటేస్తా. సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో లెక్క తప్పి, బొర్రా గుహలు స్టేషన్ దగ్గర టీ తాగి వదిలేస్తాం చూడండి, ఆ సరదా బస్సులో రాదు. అరకులో దిగి పాడేరు రోడ్డు పడితే 15 కిలోమీటర్ల లోపే చాపరాయి, డుంబ్రిగుడ. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇదంతా అల్లూరి సీతారామరాజు జిల్లా. నేను వెళ్లినప్పుడు రోడ్డుకి రెండు వైపులా వలిసె పూలు. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. ఇన్‌స్టాలో మీరు చూసే అరకు రీల్స్‌లో సగం ఈ పొలాలే. ఆ పూల కింద ఉన్న గింజలోనే నూనె ఉంటుందన్న సంగతి రీల్స్ తీసేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

వెన్న చేసే ఉద్యోగాలు

ఏదైనా ఒకటి తీసేసి ఇంకోటి పెట్టాలంటే, ముందు అది ఏం పని చేస్తోందో తెలియాలి. మా ఆఫీసులో పాత కోడ్ ముట్టుకునేటప్పుడు కూడా ఇదే రూలు. వెన్నలో 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీరు, మిగతాది పాల పదార్థం, ఉప్పు. కుకీలో ఇది నాలుగు పనులు చేస్తుంది. కొవ్వు పిండి రేణువులకి పూతలా పట్టుకుని, గోధుమపిండిలో జిగురు సాగకుండా ఆపుతుంది. గట్టిగా ఉంటుంది కాబట్టి, బెల్లంతో కలిపి గిలక్కొడితే గాలిని పట్టి ఉంచుతుంది. అందులోని నీరు ఆవిరై కాస్త పొంగిస్తుంది, పిండిని ముద్దగా కలిపి ఉంచుతుంది. పాల పదార్థం వేగి ఆ రంగు, వాసన తెస్తుంది.

నేను ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మ గీసి మరీ ఇదంతా చెబుతుంటే అక్క మధ్యలో ఆపింది.

‘గుల్ల గురించే కదేటి బాబూ నువ్వు చెప్తున్నది? పండక్కి జంతికల పిండిలో వేడి నూనె పొయ్యమా?’

అదే! ఇంగ్లిష్ బేకింగ్ పుస్తకాలు పేజీలకు పేజీలు రాసే విషయానికి తెలుగులో ‘గుల్ల’ అని ఒక్క మాటుంది. పైగా అక్క దగ్గర దానికి టెస్ట్ కూడా ఉంది. కొవ్వు వేసి కలిపిన పొడి పిండిని పిడికిట్లో నొక్కాలి. ముద్దలా నిలబడాలి, వేలితో తడితే విడిపోవాలి. నిలబడకపోతే కొవ్వు చాల్లేదు. విడిపోకపోతే ఎక్కువైంది. ఆ వారమంతా నా డిజిటల్ కాటా కన్నా ఆ పిడికిలే ఎక్కువ పనిచేసింది.

వెన్నకి బదులు వెతకడం కొత్తేం కాదు. చవగ్గా వెన్నలాంటిది కావాలని మూడో నెపోలియన్ చక్రవర్తి బహుమతి ప్రకటిస్తే, 1869లో మెజ్ మురియే అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మార్గరిన్ తయారుచేశాడు. మన దగ్గర 1937లో డాల్డా వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్లలోకి, స్వీటు షాపుల్లోకి, బేకరీల్లోకి దూరిపోయింది. ఈ గ్రూపు కూడా ఒకసారి బేకరీల వాళ్లు వాడే మార్గరిన్ తెచ్చి చూసింది. ‘తిన్నాక నాలిక మీద మైనం రాసినట్టుంది’ అని అక్క రిపోర్టు. అది నిజమే. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంటే నోట్లో పెట్టగానే. బేకరీ కొవ్వుల్లో చాలావాటిని మన ఎండలకి తట్టుకోవాలని అంతకన్నా ఎక్కువ వేడికి కరిగేలా తయారుచేస్తారు. కరగనిది నాలిక మీదే ఉండిపోతుంది. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 నుంచి రూల్ వచ్చింది కాబట్టి పాతంత భయం లేదు. అయినా అక్క ఒప్పుకోలేదు. ఆ పొయ్యి దగ్గర రోజూ ముందు తినేది వాళ్ల పిల్లలే మరి.

నాలుగు డబ్బాలు, ఒక పొయ్యి

గ్రూపు దగ్గర చిన్న ఓటీజీ ఉంది. కరెంటు ఉన్నప్పుడు అది. లేనప్పుడు కట్టెల పొయ్యి మీద దళసరి గిన్నె, అడుగున ఇసుక, మధ్యలో స్టాండు, పైన మూత. నిజం చెప్పొద్దూ, రెండోదాంట్లోనే అడుగు సమంగా కాలింది. అన్నట్టు, ఎత్తు ప్రదేశాల్లో బేకింగ్ అంటూ అమెరికా వీడియోలు తెగ భయపెడతాయి. డుంబ్రిగుడ దగ్గరదగ్గర 900 మీటర్ల ఎత్తు. దీనికి అంత సీన్ లేదు.

కొలత ఒకటే పెట్టుకున్నాం. గోధుమపిండి 150 గ్రాములు, చోడి పిండి 100, బెల్లం పొడి 120, అర చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. చోడి పిండిలో జిగురు ఉండదు కాబట్టి అది మొత్తం పిండిలో సగం దాటితే కుకీ చేతిలోనే పొడైపోతుంది. మారేది కొవ్వు ఒక్కటే.

మొదట వలిసె నూనె. వెర్రి నువ్వులు అని పుస్తకాల్లో ఉంటుంది, అదే ఇది. ఏమవుతుందో అందరూ చూడాలని మొదటి ట్రే కావాలనే 125 గ్రాముల నూనెతో చేశాం. కుకీలు ఒకదాన్నొకటి అంటుకుని ట్రే అంత అప్పడం అయ్యాయి. వెన్న 125 గ్రాములంటే అందులో కొవ్వు 100 గ్రాములే, మిగతాది నీరూ గీరూ. నూనె అంతా కొవ్వే. కాబట్టి రెండో ట్రేకి నూనె 95 గ్రాములు, నీళ్లు రెండు చెంచాలు. కలిపాక అరగంట మూతపెట్టి వదిలేశాం, చోడి పిండి తడి పీల్చుకోవాలి. ఈసారి నిలబడ్డాయి. పొంగలేదు, ఎందుకంటే కారిపోయే నూనె గాలిని పట్టలేదు. కానీ పల్చగా వత్తితే కరకరమన్నాయి. వేయించిన పప్పుల వాసన. నాకైతే వెన్న కుకీ కన్నా ఇదే నచ్చింది. చిక్కు ఎక్కడంటే, ఈ నూనెలో లినోలిక్ ఆమ్లం చాలా ఎక్కువ. గాలి తగిలితే తొందరగా పాడవుతుంది. విశాఖ తెచ్చుకున్న డబ్బా పదో రోజు తీస్తే పాత నూనె వాసన మొదలైంది.

కొబ్బరి నూనె కథ వేరు. డుంబ్రిగుడ డిసెంబర్ పొద్దుటి చలికి సీసాలో రాయిలా ఉంది. చెంచాతో గీకి బెల్లంతో గిలక్కొడితే అచ్చం వెన్నలా తెల్లబడింది. కుకీలు బ్రహ్మాండం. అయితే కొబ్బరి నూనె 24 డిగ్రీలకే కరుగుతుంది. కొండ మీద పొడిగా ఉన్న ప్యాకెట్, విశాఖ వచ్చేసరికి లోపల జిడ్డు కారుతోంది. పైగా ఇది ఈ కొండల పంట కాదు, కింద నుంచి కొనుక్కోవాల్సిందే.

నెయ్యి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నాన్‌ఖటాయి తిన్నవాళ్లందరికీ తెలుసు. నీరు లేదు కాబట్టి వెన్నలో అయిదింట నాలుగు వంతులు చాలు, రెండు చెంచాల పాలు కలపాలి. ఇసుకలా గుల్ల విరుగుతుంది. కానీ ధర వెన్న కన్నా ఎక్కువ. లెక్క మళ్లీ మొదటికే.

పాలు దూడవి

మూడో రోజు సాయంత్రం ఆ ఇంటి పెద్దావిడ, మా వాడి నాయనమ్మ, మంట దగ్గర కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆవిడకి తెలుగు కొంచెమే వచ్చు, ఆదివాసీ ఒరియాలో అడుగుతుంటే అక్క నాకు చెబుతోంది. ‘ఈ అబ్బాయి వెతుకుతున్నదేమిటి?’ అని అడిగింది. వెన్నకి బదులు ఇంకో కొవ్వు అని చెబితే నవ్వింది. వాళ్ల చిన్నప్పుడు ఇంట్లో ఆవులున్నాయట, కానీ ఎవరూ పాలు పిండేవాళ్లు కాదట. పాలు దూడవి. ఆవు దున్నే ఎడ్లనిస్తుంది, పేడనిస్తుంది, అది చాలు.

ఇది ఆ ఒక్క ఇంటి మాట కాదు. తూర్పు కనుమల్లో, మధ్య భారతంలో చాలా ఆదివాసీ తెగల్లో పాతతరం పద్ధతి ఇదే. మనకి పాలు, పెరుగు, వెన్న, నెయ్యి లేని వంటిల్లు ఊహకే అందదు. కృష్ణుడి కథల నుంచి ఆవకాయ ముద్ద దాకా అన్నింటా అదే. ఇక్కడ మాత్రం కొవ్వు అంటే గింజ. వలిసె గింజ, ఇప్ప గింజ. ఈ ఊరి వైపు నుంచి చూస్తే వెన్నే ఆల్టర్నేటివ్. మనం ప్రశ్నని తలకిందులుగా పట్టుకుని తిరుగుతున్నాం అన్నమాట.

పెద్దావిడ లేచి లోపలికి వెళ్లి ఒక సీసా తెచ్చింది. లోపల లేత పసుపు రంగులో, సగం గడ్డకట్టి, నెయ్యిలా ఉంది. ఇప్ప నూనె. కింది ఊళ్ల చుట్టాల దగ్గర్నుంచి వేసవిలో గింజలు వస్తాయట.

ఇప్ప చెట్టు అంటే మనకి పువ్వు, సారా మాత్రమే గుర్తొస్తాయి. గింజ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆఫ్రికాలో షియా చెట్టు ఉంది కదా, మీరు రాసుకునే క్రీముల్లో షియా బటర్ అదే. ఇప్ప, షియా, మన సపోటా అన్నీ ఒకే కుటుంబం. వాళ్లది సూపర్‌మార్కెట్ షెల్ఫ్ ఎక్కింది. మనది సీసాలో మూల కూర్చుంది. అటవీ ఉత్పత్తులకి కేంద్రం 2013-14లో కనీస మద్దతు ధర పెట్టినప్పుడు తొలి జాబితాలోనే ఇప్ప గింజ ఉంది. కానీ మద్దతు ధర గింజకే. నూనె తీసి, ఇంకేదో చేసి అమ్మితే వచ్చే డబ్బు సంగతి అందులో రాదు.

పచ్చి ఇప్ప నూనెకి ఒక వాసన, చిన్న చేదు ఉంటాయి. పెద్దావిడ దాన్ని పొగ వచ్చేదాకా కాచి, రాత్రంతా చలిలో వదిలేసింది. పొద్దున్నకి వెన్నముద్ద! 100 గ్రాములు తీసుకుని బెల్లంతో గిలక్కొడితే గాలి పట్టింది. రెండు చెంచాల నీళ్లకి బదులు చిక్కటి కాఫీ డికాషన్ వేశాం, మిగిలిన చేదు అందులో కలిసిపోతుందని. పిడికిలి టెస్ట్ పాస్. పావుగంట తర్వాత ఇసుక గిన్నె మూత తీస్తే పైన సన్నగా పగుళ్లు, అంచులు గుండ్రంగా నిలబడి, ఎక్కడా పారలేదు. కొరికితే గుల్ల. చివర్లో కాఫీదో ఇప్పదో తెలియని చిన్న చేదు. పెద్దావిడ ఒకటి తిని, ఇంకోటి కొంగులో పెట్టుకుంది. దానికన్నా పెద్ద రివ్యూ నాకు అక్కర్లేదు.

ఎవరి గింజ, ఎవరి ప్లేటు

ఒక విషయం మనసులో గుచ్చుకుంది. సంతలో వలిసె గింజలు బస్తాల్లో కొంటున్న వ్యాపారులు కనిపించారు. ఆ పక్కనే పామాయిల్, సన్‌ఫ్లవర్ ప్యాకెట్ల దుకాణం. పొద్దున గింజలు అమ్మినవాళ్లే మధ్యాహ్నం ప్యాకెట్ కొనుక్కుని ఇంటికెళ్తున్నారు. గింజ ఆడించాలంటే గానుగ దాకా మోసుకెళ్లాలి, కూలి ఇవ్వాలి. ప్యాకెట్ అయితే చేతికందుతుంది. వాళ్లని తప్పుపట్టడానికి ఏం లేదు.

ఆ గింజ ఎక్కడికెళ్తుందో తెలుసా? మన దేశం నుంచి ఎగుమతయ్యే వలిసెల్లో చాలా భాగం అమెరికాలో పిట్టల మేత. పెరట్లో పిచ్చుకలాంటి చిన్న పిట్టల కోసం గొట్టాలు వేలాడదీసి అందులో పోస్తారు. కలుపు విత్తనాలు మొలవకుండా వేడి చేసిన గింజనే లోపలికి రానిస్తారు. నా ఎంఎస్ ఫ్రెండ్‌కి ఫొటో పంపితే ‘ఇది మా ఓనర్ బర్డ్ ఫీడర్‌లో ఉంది రా!’ అని రిప్లై. పువ్వు మన రీల్స్‌కి, గింజ వాళ్ల పిట్టలకి. గోల్డ్‌ఫించ్ పిట్టకి దొరికే నూనె డుంబ్రిగుడ పిల్లాడి కూరలో తగ్గిపోతోంది.

సున్నా రాయొద్దు

చివరి రోజు లెక్కలకి కూర్చున్నాం. ఇప్ప నూనె ఖర్చు కాలమ్ దగ్గర గ్రూపులో ఒకామె, ‘అది ఇంట్లోదే కదా, సున్నా రాయండి’ అంది. అక్క ఊరుకోలేదు. ‘గింజ ఏరింది ఎవరు? ఎండబెట్టి, పెంకు కొట్టి, గానుగకి మోసింది ఎవరు? మూడు నాలుగు కిలోల పప్పు ఆడితే కిలో నూనె. అది పని కాదేటి?’ అంది. చివరికి కిలోకి 200 రూపాయలు అని రాశారు, ఆ డబ్బు నూనె ఇచ్చిన ఇంటికి వెళ్లాలని. అప్పటికీ 75 రూపాయల వెన్న స్థానంలో 20 రూపాయల నూనె. 200 గ్రాముల ప్యాకెట్‌కి 23 రూపాయల దాకా మిగులు. డికాషన్ కాఫీ వాళ్ల పెరట్లోదే, దానికీ రెండు రూపాయలు రాయించింది.

అయితే ఆరిళ్లలో కలిపి ఉన్న ఇప్ప నూనె 11 కిలోలు. అంటే 260 ప్యాకెట్లు, అంతే. మళ్లీ గింజ రాలేది వేసవిలోనే. వారానికి 40 ప్యాకెట్లు అమ్మితే జనవరి చివరిదాకా వస్తుంది. ఆ తర్వాత వలిసె నూనెతో పల్చటివి చేసి, వారం తేదీ వేసి అక్కడికక్కడే అమ్ముతారు. నెయ్యి ఎవరైనా ప్రత్యేకంగా అడిగితేనే.

విశాఖలో ఒక షాపాయన నెలకి 20 కిలోలు కావాలన్నాడు. కానీ కవరు మీద ‘బటర్ కుకీ’ అని ఉండాలి, 60 రోజులు నిలవ ఉండాలి. నా ముందే ఫోన్ చేసింది అక్క. ‘వెన్న లేదండీ, ఇప్ప నూనె. మూడు వారాల కన్నా రాయను’ అని చెప్పింది. ఆయన ఆలోచించి చెబుతానన్నాడు.

మీ ఇంట్లో చేసుకోవాలంటే పై కొలతలే. ఇప్ప నూనె దొరక్కపోతే కొబ్బరి నూనె 80 గ్రాములు, నెయ్యి 20 గ్రాములు కలిపి, ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక గిలక్కొట్టండి. వాసనకి ఆ 20 గ్రాముల నెయ్యి చాలు. పిండి ముద్దని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, 170 డిగ్రీల దగ్గర 14 నుంచి 16 నిమిషాలు కాల్చండి. చోడి పిండి ముందే నల్లగా ఉంటుంది కాబట్టి రంగు చూసి దించితే మాడిపోతాయి. అంచు వేలికి గట్టిగా, మధ్యలో కాస్త మెత్తగా తగిలినప్పుడే దించేయండి, చల్లారితే గట్టిపడతాయి.

చాపరాయి వెళ్లేవాళ్లు బండల మీద జాగ్రత్త, నీళ్లు పల్చగానే కనిపిస్తాయి కానీ పాచి జారుతుంది. కుకీల బల్ల శని, ఆదివారాల్లోనే ఉంటుంది. కవరు మీద స్కెచ్ పెన్నుతో ‘ఇప్ప నూనె, చోడి పిండి, బెల్లం, కాఫీ’ అని, కింద తేదీ రాసి ఉంటుంది. నేను బస్సెక్కే శనివారం ఒక టూరిస్టు కవరు తిప్పి చూసి, ‘వెన్న వెయ్యలేదా అమ్మా?’ అని అడిగాడు. ‘లేదు సార్, తిని చూడండి’ అని అక్క ఒకటి చేతిలో పెట్టింది. మూడు ప్యాకెట్లు తీసుకున్నాడు. షాపాయన నుంచి ఇంకా ఫోన్ రాలేదు.